పూర్వచేష్ట

రాజవ్వ ఫోన్ చేసేసరికి హైమావతి ల్యాబ్ క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చుంది. తినడం లేదు. తెర మీది పటాన్ని వేలితో అటూ ఇటూ జరుపుతోంది. ఎల్లాపూర్ పేరు మీద ఎర్రచుక్కలు. పోయిన వారం దాకా ఆ తాలూకాలో ఒక్క చుక్క లేదు. ఈ పొద్దుటికి మూడొందల పన్నెండు.

"హైమా, మీ అన్నను తీస్కపోయిన్రు," అంది వదిన. ఏడవడం లేదు, ఆయాసపడుతోంది.

"ఎవరు వదినా? పోలీసులా?"

"పోలీసోళ్లు గాదు. తెల్ల వ్యాన్ల అచ్చిన్రు. కడెం చూపియ్యుమన్నరు, చూపిచ్చిండు. నంబరు డెబ్బై తొమ్మిది ఉన్నదట. అన్నం తింటున్నోన్ని చెయ్యి గూడ కడుక్కోనియ్యలే."

"తుపాకి?"

"ఏ తుపాకి?"

"అన్న తుపాకి. అది గూడ తీస్కపోయిన్రా?"

"లేదు. బీరువల్నే ఉన్నది. దాన్ని ఎవ్వలడుగలే."

హైమకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టేసింది. మనిషిని తీసుకుపోయి తుపాకిని ఇంట్లో వదిలేసి వెళ్లారు. వ్యాన్‌వాళ్లను తిట్టి లాభం లేదు. వాళ్ల చేతిలోని ఆదేశంలో తుపాకి అన్న మాటే లేదు. ఆ ఆదేశానికి ముసాయిదా రాసిన ముగ్గురిలో హైమ ఒకతె.

కడియం సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. మనిషి చెయ్యి కదలడానికి ముందే మనసు ఆ కదలికను లోలోపల ఒకసారి ఆడించి చూసుకుంటుంది. గ్లాసు అందుకోబోయే ముందు, తలుపు తట్టబోయే ముందు, ఎవరి చెంపో పగలగొట్టబోయే ముందు కూడా. అప్పుడు మణికట్టు నరాల్లో చిన్న అలికిడి పుడుతుంది. ఆ మనిషికీ తెలియదు, పక్కవాళ్లకూ కనపడదు. హైమ పదకొండేళ్లు పెళ్లీ పేరంటం మానుకుని ఆ అలికిడి వెంటపడింది. దానికి పూర్వచేష్ట అని పేరు పెట్టింది. కోపం వచ్చిన ప్రతివాడూ చంపడు. చంపబోయేవాడి చెయ్యి మాత్రం రోజుల ముందు నుంచే దొంగచాటుగా సాధన చేస్తుంటుంది. ఆ సాధన ఎంత ముదిరిందో సున్నా నుంచి నూరు దాకా ఒక అంకెలో చూపించేదే కడియం. మొట్టమొదట చేసిన కడియం హైమ చేతికే ఉంది. దాన్ని మూలకడియం అంటారు. ప్రపంచంలో ఎక్కడున్న కడియమైనా రోజూ పొద్దున్నే దానితో సరిచూసుకున్నాకే పనిచేస్తుంది.

అమెరికాలో బడుల్లో, బజార్లలో కాల్పులు జరిగిన ప్రతిసారీ అక్కడ ఒకటే తగవు. తుపాకులు తగ్గించండి అని సగం మంది, పిచ్చివాళ్లను పట్టుకోండి అని సగం మంది. హైమ కడియం రెండో సగానికి వెతకబోయిన తీగలా కాలికి తగిలింది. ఒక పెద్ద సంస్థ ముందుకొచ్చి నాలుగు దేశాల్లో కొలవమంది. అమెరికా, స్విట్జర్లాండ్, జపాన్, మనదేశం. హైమ అన్నీ తిరిగింది. దిగులు, భ్రమలు, నిద్ర పట్టకపోవడం, ఇవి నాలుగు చోట్లా ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నాయి. అంకెలు మాత్రం అమెరికాలో ఆకాశంలో, స్విట్జర్లాండ్‌లో నడిమధ్యన, జపాన్‌లో నేల మీద. జపాన్‌లో ఒక ముసలి వేటగాడు నవ్వుతూ చెప్పాడామెకు, తన తుపాకి కోసం పోలీసులు భార్యను కూర్చోబెట్టి మొగుడూ పెళ్లాల పోట్లాటల గురించి కూడా అడిగారని. హైమ కూడా నవ్వి, రాసుకుని వచ్చేసింది.

ఇక మనదేశం. అమెరికాలో లాగే మన దగ్గర కూడా తుపాకి ఉన్నవాళ్లనే కొలిస్తేగానీ పోలిక న్యాయంగా ఉండదు. లైసెన్సు తుపాకులవాళ్లను నాలుగు వందల మందిని ఎలా రప్పించాలి? ఆ ఉపాయం హైమదే. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోవాలి కదా. ఎల్లాపూర్ స్టేషన్ ముందు, చుట్టుపక్కల స్టేషన్ల ముందు షామియానాలు వేయించి, మజ్జిగ ప్యాకెట్లు పంచి, తుపాకి ఇచ్చి వరుసలోంచి బయటికొచ్చిన ప్రతివాడి చేతికీ కడియం తొడిగింది. రెండు రోజుల్లో నాలుగు వందలు. ఏం బుర్రమ్మా నీది అని అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడు ఎన్నికల మీద ఎన్నికలు వచ్చిపడ్డాయి. పంచాయతీలు, మున్సిపాలిటీలు, పార్లమెంటు. ఏడు నెలలు ఆ తుపాకులు స్టేషన్ గడప దాటలేదు. ఏడు నెలలూ ఆ నాలుగు వందల అంకెలూ ముప్పై లోపే ఉన్నాయి. తుపాకి ఉన్న భారతీయుడు తుపాకి లేని జపాన్‌వాడంత శాంతంగా ఉన్నాడంటే తుపాకితో సంబంధం లేదన్నమాట, అంతా మనసులోనే ఉందన్నమాట అని సంస్థ మొదటి రెండు నెలలకే తేల్చేసింది. టీవీల్లో మన కుటుంబ వ్యవస్థ గొప్పదనం మీద వారం రోజులు చర్చలు జరిగాయి. హైమ వాటిలో రెండింటికి పట్టుచీర కట్టుకుని వెళ్లింది.

ఆ లెక్క మీదే గీత గీశారు. అంకె డెబ్బై దాటితే పటంలో ఎర్రచుక్క, దానికి తోడు మనసు జబ్బు రికార్డులో ఉంటే తొంభై రోజులు సంరక్షణ కేంద్రం. అమెరికాలో మొదలైంది, తర్వాత ప్రయోగంగా ఎల్లాపూర్‌కు వచ్చింది.

ఐలయ్య, అంటే హైమ అన్న, పదిహేడేళ్లు మిలిటరీలో చేసి వచ్చి ఎల్లాపూర్‌లో ఒక బంగారం దుకాణం ముందు గన్‌మన్‌గా నిలబడేవాడు. సొంత రెండు గొట్టాల తుపాకి, సొంత లైసెన్సు. తుపాకి ఉంటేనే ఆ కొలువు. తర్వాత్తర్వాత దిగులు పట్టుకుంది. ఆరేళ్లుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర. లైసెన్సు రెన్యూవల్‌కు సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు తల ఎత్తకుండానే సంతకం పెట్టేవాడు. కడియం ఫారంలో మాత్రం జబ్బుల గడి దగ్గర ఐలయ్య కలం ఆపి చెల్లెలి వైపు చూశాడు. "నిజం రాయి అన్నా. దాస్తే లెక్క తప్పుతది," అంది హైమ. ఆయన రాశాడు.

డైరెక్టర్ వర్ధన్ గది నాలుగో అంతస్తులో, అద్దాల తలుపు. హైమ తట్టకుండానే లోపలికి వెళ్లింది.

"చూశాను," అన్నాడాయన ఆమె నోరు తెరవకముందే. "ఒకే వారంలో మూడొందల పన్నెండు ఎరుపా? పరికరంలో ఏదో లోపం. తేమో, బ్యాటరీయో. నాయిస్ అని రాసేద్దాం."

"మరి మా అన్నని ఎందుకు తీసుకెళ్లారు?"

"ఆయనకు జబ్బు రికార్డు ఉంది కదమ్మా."

"మిగతావాళ్లకు?"

"రికార్డున్నవాళ్లు మొత్తం పదకొండు మంది. ఆ పదకొండు మందినీ తెచ్చారు."

"పదకొండు మంది విషయంలో కడియం నిజం చెప్పింది, మూడొందల ఒక్కరి విషయంలో అబద్ధం చెప్పిందా సార్?"

వర్ధన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. చాలామంది లాగే, తనకు పనికొచ్చే మాట వినపడితే చెవులు నిక్కబొడుచుకునే రకం. "ఎల్లుండి రిపోర్టు మీద మీ సంతకం పడాలి. పదకొండు దేశాలు దానికోసం కాచుకున్నాయి. ఊరికి వెళ్లి మీ వదినను చూసి రండి. మనసు కుదుటపడుతుంది," అన్నాడు.

ఎల్లాపూర్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా హైమకు బయట ఏముందో తెలియలేదు. కాళ్లు ఒకచోట నిలవలేదు. ఫోన్‌లో ఎర్రచుక్కలు పుట్టిన తేదీలు ఒక్కొక్కటే తెరిచింది. ఎల్లాపూర్‌లో సోమవారం. పక్క మండలంలో బుధవారం. ఆ పైదాంట్లో నిన్న. స్టేషన్ తర్వాత స్టేషన్, ఎవరో వరస పెట్టి పేర్లు పిలిచినట్టు. సోమవారం నుంచి ఒక్కో స్టేషన్లో ఏం జరుగుతోంది? కోడ్ ఎత్తేశారు. రసీదులు చూపించి ఎవరి తుపాకులు వాళ్లు ఇళ్లకు తెచ్చుకుంటున్నారు.

ఆమె ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టేసింది. బస్సు గతుకుల్లో ఎగిరిపడుతుంటే ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని అలా ఉండిపోయింది. ఏడు నెలలు తను కొలిచింది తుపాకి ఉన్న మనుషుల్ని కాదు. తుపాకిని స్టేషన్లో పెట్టి వచ్చిన మనుషుల్ని. మజ్జిగ ప్యాకెట్లు పంచి మరీ కొలిచింది. అందని వస్తువుతో మనసు సాధన చెయ్యదు, ఆ సంగతి పదకొండేళ్ల కిందటే తన పుస్తకంలో తనే రాసుకుంది. ఆ తప్పుడు లెక్క మీద గీసిన గీత దాటారని ఎక్కడో సముద్రాలవతల నలభై వేల మందిని గదుల్లో పెట్టారు. వాళ్లలో ఒక పిల్లవాడి తల్లి, డెనీస్ అనే ఆవిడ, నాలుగు నెలలుగా ప్రతి సోమవారం హైమకు ఉత్తరం రాస్తోంది. మా అబ్బాయిని తీసుకెళ్లారు, వాళ్ల నాన్న తుపాకులు ఏడూ ఇంకా మా హాల్లో గోడ మీదే ఉన్నాయి, ఇది మీకు వింతగా లేదా అని. హైమ ఒక్కదానికీ జవాబివ్వలేదు. వింతగా లేదనుకుంది అప్పట్లో. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

అయితే తెలియడం వేరు, రుజువు చెయ్యడం వేరు. ఆ మూడొందల ఒక్కరినీ నాయిస్ అని కొట్టిపారేస్తారని ఆమెకు తెలుసు.

ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. రాజవ్వ లేదు, మొగుడికి టిఫిన్ బాక్సు పట్టుకుని కేంద్రానికి వెళ్లిందట. పక్కింటివాళ్లు తాళం చెవి ఇచ్చారు. మధ్యలో వదిలేసిన కంచం ఇంకా అలాగే ఉంది, అన్నం గట్టిపడిపోయి. హైమ దాన్ని తీసి కడిగింది. చెయ్యడానికి ఇంకో పని కనపడలేదు. అప్పుడు వర్ధన్ ఫోన్ చేశాడు.

"ఆలోచించాను హైమా. మీ అన్నయ్య అంకెను నలభైకి దించేస్తాను. సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. మీరు ఆ మూడొందల ఒకటీ పరికర లోపమని సంతకం పెట్టేయండి. అంతే."

"మిగతా పది మంది?"

"వాళ్లు మీ అన్నలు కారు కదా." నవ్వాడు. "ఆయన్ను చూసి వచ్చినవాళ్లు చెప్పారు, కొత్త మందుకు మనిషి లేవడమే లేదట. త్వరగా తేల్చండి."

ఫోన్ పెట్టేశాక హైమ గదిలో అటూ ఇటూ తిరిగింది. ఒప్పుకుందామని ఒకసారి అనుకుంది. నిజంగానే అనుకుంది. ఒక్క సంతకం, అన్న ఇంట్లో ఉంటాడు. ఆ నవ్వు మళ్లీ చెవిలో పడింది. తుపాకిలో తూటాలున్నాయేమో, పిల్లలెవరైనా వస్తే ప్రమాదం కదా, చూద్దాం అనుకుని బీరువా తెరిచింది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. చీరల మడతల కింద బరువుగా, చల్లగా తగిలింది. చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు అన్న తుపాకి తుడుస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నదే. గొట్టం మడిచి చూస్తే ఖాళీగా ఉంది. డబ్బాలో రెండు తూటాలున్నాయి. పెట్టి చూసింది. పెట్టినట్టు గుర్తుంది, ఎందుకు పెట్టిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

రెండుంపావుకు హైదరాబాద్ బస్సు ఉంది. అయిదున్నరకు దిగొచ్చు. వర్ధన్ ఆరు దాకా గదిలోనే ఉంటాడు. కింద సెక్యూరిటీవాళ్లు తన సంచి ఎప్పుడూ చూడరు. నాలుగో అంతస్తు, అద్దాల తలుపు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉంటాడు.

కడియం రెండుసార్లు వణికింది. గీత దాటినప్పుడు అలా వణకాలని పెట్టింది హైమే. చూసుకుంది. డెబ్బై ఏడు.

ఏడేళ్లలో ఆ కడియం మీద ఇరవై ఆరుకు మించి ఎప్పుడూ చూడలేదు. కుడిచేతి చూపుడువేలు కొద్దిగా వంగి ఉంది. దాన్ని చాపాలని చూస్తే చాలాసేపు ఆమె మాట వినలేదు. హైమకు తనంటే తనకే భయం వేసింది. అంత భయం ఆమె జన్మలో ఎరగదు.

"ఏం జేస్తున్నవ్ హైమా?"

గుమ్మంలో రాజవ్వ. చేతిలో విప్పని టిఫిన్ బాక్సు. రాజవ్వ బాక్సు కింద పెట్టి, తొందర పడకుండా దగ్గరికొచ్చి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తుపాకి తీసుకుంది. తూటాలు తీసి కొంగున కట్టుకుంది. తర్వాత ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

"మీ అన్న గూడ గిట్లనే కూసుంటుండె. మొన్న సోమారం దీన్ని తెచ్చినకాడికెల్లి."

"ఎవరి మీద వదినా? దుకాణం సేటు మీదనా?"

రాజవ్వ తల అడ్డంగా ఊపింది. "ఎవల మీద గాదు. ఆయన మీదనే. గొట్టం గదుమ కింద పెట్టుకొని చూస్కుంటుండంగ నేను రెండుసార్లు గుంజుకున్న. ఏమన్నంటే తుడుస్తున్న అంటడు. ఎలచ్చన్లప్పుడు కట్టె పట్టుకొని నిలవడ్డడు గదా దుకాణం ముందట, సేటు సగం జీతమే ఇచ్చిండు. కని ఆ ఏడు నెల్లు పసిపిల్లగాని లెక్క పండిండు." కొంగున తూటాల ముడి ఇంకా బిగించింది. "ఎవలకు చెప్పకు. వ్యాన్ల ఎక్కిస్తుంటె ఒక్క నిమిషం, బతుకుతడు తియ్ అనుకున్న."

హైమ వదినను పట్టుకుని భోరున ఏడ్చేసింది. డెబ్బై తొమ్మిది అన్న అంకె చూసి అన్న ఎవరినో చంపబోతున్నాడని లోకమంతా అనుకుంది. ఎవరిని అని కడియం చెప్పదు. అలా అడగాలని దాన్ని చేసిన మనిషికి తట్టలేదు.

ఇద్దరూ తుపాకిని దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కారు. ఎస్సై షకీల్ టేబుల్ మీద ఆ మూట చూసి లేచి నిలబడ్డాడు.

"లైసెన్సు లేకుండ తుపాకి పట్కొని ఆటోల అచ్చిన్రా? మిమ్ముల్నిద్దర్ని లోపలెయ్యాలె మేడం, ఎర్కేనా?"

"వెయ్యండి సార్. ముందు దీన్ని లోపల వెయ్యండి."

"ఎలచ్చన్లు అయిపొయినయ్ గద. ఇప్పుడు డిపాజిటేంది?"

"వాడేవాడు సర్కారు ఆదేశంతోనే లోపల ఉన్నాడు. ఇది ఇంట్లో ఉంది. ఇది సబబేనా మీరే చెప్పండి."

షకీల్ గడ్డం గోక్కున్నాడు. మూట వైపు, ఆమె చేతి వైపు చూశాడు. చివరికి రిజిస్టర్ తెప్పించి, కేసు రాయకుండా రసీదు రాశాడు. ఇద్దరికీ చాయ్ కూడా తెప్పించాడు. తుపాకిని లోపలి గదిలో పెట్టి తాళం వేసిన చప్పుడు వినపడినప్పుడు కడియం మీద అరవై ఒకటి. చాయ్ అయ్యేసరికి నలభై నాలుగు. ఇంటికి నడిచొచ్చి కాళ్లు కడుక్కునేసరికి ఇరవై మూడు. వర్ధన్ మీద కోపం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. మనసు అదే మనసు, కోపం అదే కోపం. మారింది ఒక్కటే, అది ఇప్పుడు స్టేషన్లో ఉంది.

రిపోర్టు మొదటి పేజీలో హైమ తన పేరే రాసింది. ఆ రోజు ఒంటిగంటా నలభై నుంచి మూడున్నర దాకా మూలకడియం నమోదు చేసిందంతా నిమిషం నిమిషం పెట్టింది. బస్సు టైము, అద్దాల తలుపు, ఎవరిని అన్నది కూడా దాచకుండా రాసింది. మధ్యలో లేచి నీళ్లు తాగి మళ్లీ రాసింది. పంపేముందు వర్ధన్‌కు తనే ఫోన్ చేసి చదివి వినిపించింది.

"నన్నా?" అన్నాడాయన.

"మిమ్మల్నే సార్. క్షమించండి."

"ఇది బయటపెడితే మీ బతుకు ఏమవుతుందో తెలుసా? దీన్నీ నాయిస్ అని కొట్టేస్తాను నేను."

"ఇది మూలకడియం. ఇది తప్పైతే ప్రపంచంలో ఉన్న కడియాలన్నీ తప్పే, అందర్నీ వదిలిపెట్టాలి. ఇది నిజమైతే ఆ మూడొందల ఒకటీ నిజమే. జబ్బు లేనివాళ్ల చెయ్యి కూడా తుపాకి అందితే సాధన మొదలుపెడుతుంది. ఏదో ఒకటి ఒప్పుకోండి."

"నిజమంటే, మీరు రాసిన నిబంధన ప్రకారం మొదట లోపల ఉండాల్సింది మీరు."

"జబ్బు రికార్డు లేదు కాబట్టి నన్ను పిలవరు. అయినా వెళ్తాను. వెళ్లకపోతే నా అంకెను నేనే నమ్మలేదంటారు."

పంపేసింది. ఆ వారమంతా టీవీల్లో ఆమె ఫొటోనే. పట్టుచీర ఫొటో. చంపబోయిన శాస్త్రవేత్త అని ఒకరు, పిచ్చివాళ్లను వెనకేసుకొచ్చే పిచ్చిది అని ఇంకొకరు. ల్యాబ్ సెలవు మీద పంపింది, మళ్లీ రమ్మని ఎవరూ అనలేదు. ఎల్లాపూర్ పదకొండు మందినీ విచారణ తేలేదాకా ఇళ్లకు పంపమని ఉత్తర్వు వచ్చింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు తలుపులు తెరిచాయి, కొన్ని కోర్టుకెక్కాయి. డెనీస్ కొడుకు ఇంటికొచ్చాడు. గోడ మీది ఏడు తుపాకుల్లో అయిదు తీయించగలిగాను, రెండింటికి మా ఆయన ఒప్పుకోవడం లేదు, రోజూ పోట్లాడుతున్నాను అని రాసింది. ఈసారి హైమ జవాబు రాసింది, పోట్లాట మానొద్దని.

ఐలయ్య బయటికొచ్చిన రోజే హైమ లోపలికి వెళ్లింది. గేటు దగ్గర ఇద్దరికీ మాట్లాడుకునే వ్యవధి ఇవ్వలేదు. ఆయన మందు మత్తులో తూలుతున్నాడు. చెల్లెలు ఎందుకు లోపలికి పోతోందో అర్థం కాక వెనక్కి వెనక్కి చూశాడు.

లోపల పద్నాలుగు రోజులు. తెల్లగోడలు, పొద్దుటా సాయంత్రం ఉప్మా, అంకె చూసి రాసుకుపోయే నర్సు. నిబంధన ప్రకారం తొంభై రోజులకు ముందే విడుదల కావాలంటే కడియం ఉన్న రక్తసంబంధీకులెవరైనా పూచీ పడాలి. వాళ్ల అంకె వరసగా ఏడు రోజులు ముప్పై లోపు ఉండాలి. అలా ఉన్నవాడు హైమకు లోకంలో ఒక్కడే.

పదిహేనో రోజు ఐలయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. అంకె పద్దెనిమిది. బల్ల వెనక గుమాస్తా ఆయన కడియం చూసి, రికార్డు చూసి, మళ్లీ కడియం చూశాడు.

"నువ్వు మొన్నటిదాకా ఈడ్నే ఉంటివి గద?"

"ఉంటి సారు. గిప్పుడు నా చెల్లెకు పూచీ వడతందుకు అచ్చిన."

గుమాస్తా నవ్వాపుకుని ఫారం ముందుకు తోశాడు. హైమ పక్కన నిలబడి చూస్తోంది. అది తను తయారుచేసిన ఫారమే. వేళకు మందులిస్తారా. నిద్ర గమనిస్తారా. కేకలు వేస్తే ఫోన్ చేస్తారా. మూడు ప్రశ్నలు, మూడు గడులు.

ఐలయ్య వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. "ఈమెకు మందుల్లేవు సారు. నావి నేనే మింగుత. గది గాదు, ఇంట్ల తుపాకి ఉండది అని రాయాలె. ఏడ రాయాలె?"

"దానికి గడి లేదు."

"ఎందుకు లేదు?"

గుమాస్తా హైమ వైపు చూశాడు. హైమ తల వంచుకుంది.

"అన్నా," అంది చిన్నగా, "గట్ల రాస్తే లైసెన్సు పోతది. సేటు సోమారం తుపాకి పట్కొని రమ్మన్నడని వదిన చెప్పింది. రాకుంటె ఇంకోన్ని పెట్టుకుంటడట."

"పెట్టుకోనీ."

"ముప్పై ఏండ్లు ఆ పని తప్ప ఏం జెయ్యలే నువ్వు."

"ఇంకేదన్న జేస్త. పొద్దుగాల లేస్త గదా బిడ్డా," అన్నాడు ఐలయ్య. "లేస్తెనే గద ఏదన్న జేసేది."

ఆయన గుమాస్తా బల్ల మీది స్కేలు అడక్కుండానే తీసుకున్నాడు. మూడు గడుల కింద ఖాళీ జాగాలో నాలుగు గీతలు గీశాడు. ఒక గీత కొంచెం వంకరపోయింది. పక్కన పెద్ద పెద్ద అక్షరాలతో, రెండు లైన్లలో రాసి, గడిలో టిక్కు పెట్టాడు.

"సంతకం ఏడ వెట్టాలె సారు?" అన్నాడు.